నోట పలకని పేర్లు

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండమ్మా, గొంతు పెంచి చెప్పే కథ కాదిది.

బ్రహ్మపుత్ర ఒడ్డున ఓ జైలు. అందులో ఆడవాళ్ళ వార్డు. అక్కడున్నవాళ్ళు దొంగతనాలు చేసి రాలేదు. ‘మీరు ఈ దేశంవాళ్ళు కారు’ అని ట్రిబ్యునల్ తేల్చేస్తే వచ్చారు. అందరికన్నా పాత మనిషి హాజెరా. అందరికీ ఖాలా, అంటే పిన్ని. అక్షరం ముక్క రాదు. ఆరేళ్ళుగా వచ్చీపోయే వకీళ్ళ మాటలు విని విని చట్టమంతా కంఠతా పట్టేసింది.

ఓ మధ్యాహ్నం మొఫీదా అనే కొత్త పిల్లను తెచ్చి లోపలికి తోశారు. పిల్ల గుమ్మంలోనే కొయ్యబారిపోయింది. ఏదో అనబోయింది.

“ఎవరే నువ్వు? ఏ లంక నుంచి?” ఖాలా గట్టిగా అరిచింది. “ఏడుపులు తర్వాత. ముందు కూర్చో.”

పిల్లకు నోటీసు అందనే లేదు. దాన్ని గోడకు అంటించిన ఇల్లు వరదకు ఏట్లో కలిసిపోయింది. వాయిదాకు రాలేదని పరాయిదాన్ని చేసేశారు.

“తెల్లకాగితం మీద వేలిముద్ర వెయ్యకు,” అంది ఖాలా. “తీర్పు నకలు అడుగు. చేతిలో పైసా లేకపోయినా సర్కారే వకీలును పెట్టాలి, అది నీ హక్కు. నా మాట వినలేదు, మళ్ళీ విచారించండని హైకోర్టుకు వెళ్ళొచ్చు.”

పక్క చాప మీద శేఫాలి కిసుక్కుమంది. “ఇంత తెలిసినదానివి, నీ కేసెందుకు ఓడావు ఖాలా?”

“సిగ్గుతో ఓడానే. మొగుడి పేరు, మామ పేరు చెప్పమన్నారు. మావైపు ఆడది ఆ పేర్లు నోటితో అంటుందా? బావగారి ఎదుటైతే ముఖమే చూపించదు. తల దించుకున్నా. తెలియదంటోందని రాసేసుకున్నారు.”

“పోనీ, లోపల ఉండాల్సిన ఏళ్ళు నిండాయిగా. ఇద్దరు పూచీ ఉంటే బయటికి పంపుతారట.”

“నాకెవరున్నారే!”

శేఫాలి నవ్వు ఆగిపోయింది. కిందటి నెలే ఆమె చెల్లెలికీ నోటీసు వచ్చింది. ఒకరు పరాయివాళ్ళని తేలితే చాలు, ఆ రక్తం పంచుకున్న వాళ్ళందరి ఇళ్ళకూ పోలీసులు వెళ్తారు.

మర్నాటి నుంచి ఖాలా పాఠం మొదలుపెట్టింది.

“మీ ఆయన పేరు?”

పిల్ల మెలికలు తిరిగితే జడ పట్టుకుని గుంజేది.

“నూరుల్.”

“నూరుల్! అదీ, అలా పలకాలి. మామ?”

“ఇద్రిస్.”

“ఇద్రిస్. నాన్న?”

“సోలెమాన్. పోయాడు.”

ఖాలా ఊరికే తల ఊపింది. “తాత?”

“కాసెం మున్షీ.”

మళ్ళీ తల ఊపింది. “అమ్మ?”

పిల్ల ఏడ్చేసింది.

“అమ్మ?”

“లేదు. చిన్నప్పుడే పోయింది.”

“ఏడవకుండా చెప్పు. ఏడుపును ఏ జడ్జీ రాసుకోడు. మళ్ళీ.”

వారానికో గుడ్డు వచ్చేది. ఖాలా పచ్చసొన తీసి పిల్ల పళ్ళెంలో వేసేది.

“మాకు పాఠాలూ, దానికి పచ్చసొనానా?” శేఫాలి దెప్పేది.

“మొద్దుమొహం, పాఠం ఎక్కట్లేదుగా మరి!”

హైకోర్టు మళ్ళీ విచారించమంది. తాత పేరున్న పాత ఓటర్ల జాబితా పట్టుకొచ్చి పిల్ల పెదనాన్న సాక్ష్యం చెప్పాడు. పిల్ల బోనెక్కి అన్ని పేర్లూ గడగడా చెప్పింది. అమ్మ మాట కూడా ఏడవకుండానే చెప్పింది. ఈ దేశం పిల్లేనని తీర్పొచ్చింది.

విడుదల రోజు గేటు అవతల పెదనాన్న గొడుగేసుకుని నిలబడ్డాడు. సాగనంపడానికి వచ్చిన ఖాలా కొంగు ముఖం నిండా లాక్కుంది. ఎండ కాబోలు అనుకున్నారు అందరూ.

“నీకు పూచీ నేను...” అంటూ పిల్ల ఆమె చెయ్యి పట్టుకుంది.

“నువ్వెవరే నాకు పూచీ ఇవ్వడానికి?” ఖాలా చెయ్యి విదిలించుకుంది. “పో. వెనక్కి చూడకు.”

పిల్ల చూడలేదు.

ఆ వానాకాలంలోనే ఖాలా జ్వరంతో పోయింది. శవాన్ని తీసుకెళ్ళడానికి ఎవరూ రాలేదు.

ఈ కథ గుర్తుపెట్టుకుని పదిమందికీ చెప్పండమ్మా, మొఫీదా ఖాలా కన్నకూతురన్న ఒక్క మాట మాత్రం ఏ ఆఫీసు గుమ్మం దగ్గరా అనకండి.