ఇప్పుడేం రంగు?

“తాళంచెవి తర్వాత తీసుకుంటాను మాస్టారూ. ముందు నాకొక మాట చెప్పండి.”

మాస్టారు చాచిన చెయ్యి చాచినట్టే ఉండిపోయింది. ఈ సాయంత్రంతో ఆయన ఉద్యోగం అయిపోతోంది. రేపటినుంచి ఈ ల్యాబులో రాళ్ల పాఠం చెప్పాల్సింది, ఒకప్పుడు ఇక్కడే ఆయన దగ్గర చదువుకున్న ఆమె.

“ఏమిటమ్మా ఆ మాట?”

“రోజూ నన్నే పిలిచి రంగులు అడిగేవారు. ఒక్కనాడైనా తప్పో ఒప్పో చెప్పారా? రేపు గదినిండా పిల్లలు నా మాట నమ్మి రాసుకుంటారు. నా చూపు సరైందో కాదో తెలీకుండా ఈ గది ఎలా తీసుకోను?”

“వెళ్లిపోయే రోజున మంచి పేచీయే పెట్టావు” అని నవ్వుతూ మాస్టారు స్టూలు మీద కూలబడ్డారు. కుంటి స్టూలు. దాని కాలి కింద మడతపెట్టిన అట్టముక్క ఇంకా అలాగే ఉంది. రాళ్లను అరగదీసే పొడి వాసన కూడా అదే. ఆ వాసన తగిలితే చాలు, ఆమెకు మొదటి రోజు కళ్లముందుకు వస్తుంది.

వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కింది ఆమే మొదలు. నాన్న రోడ్లకు కంకర కొట్టేవాడు. “నేను కొట్టేదీ రాళ్లే, నువ్వు చూసేదీ రాళ్లే. చూసినందుకు కూడా డబ్బులిస్తారంటే నేనూ చూస్తూ కూర్చుందును గదే!” అని నవ్వేవాడు. నాన్న కొట్టే ఆ నల్లరాతినే కాగితం కన్నా పలచగా అరగదీసి, గాజుపలకకు అతికించి మైక్రోస్కోప్ కింద పెడితే, లోపలినుంచి వెలుతురు దూసుకొచ్చింది. నాన్న సమ్మెట కింద రోజూ ఇంత వెలుతురు నలిగిపోతోందా అనిపించింది ఆమెకు.

“ఇది పైరాక్సీన్ అనే ఖనిజం. స్లైడును తిప్పుతూ చూడండి. ఏం రంగు?” అన్నారు మాస్టారు.

పాఠాన్ని ముందే వల్లెవేసుకొచ్చిన కుర్రాడొకడు, అందరూ బట్టీవీరుడనే వాడు, చూసీ చూడకుండానే “గులాబి, తిప్పితే పచ్చ సార్!” అన్నాడు. వెనకాలున్నవాళ్లంతా అదే పాట. చివర్లో ఆమె వంతు వచ్చింది.

“నాకైతే... ఎంత తిప్పినా రంగేమీ మారట్లేదండీ.”

క్లాసు గొల్లుమంది. మాస్టారు నవ్వలేదు. కాంతిని వడగట్టే రెండో బిళ్లను లోపలికి తోసి, కన్ను ఆనించి స్లైడును మెల్లగా తిప్పారు. “చీలిక గీతలు వాలుగా ఉన్నప్పుడు నల్లబడుతోంది. ఇది పైరాక్సీన్‌లలో ఆగైట్ అనే రకం. మీరు చెప్పిన గులాబీ పచ్చా హైపర్‌స్థీన్‌వి. అదైతే గీతలు నిటారుగా నిలిచినప్పుడు నల్లబడేది” అన్నారు. తర్వాత ఆమెకేసి తిరిగి, “నువ్వు రేపట్నుంచి ముందు బల్ల” అన్నారు.

అది శిక్షే అనుకుంది ఆమె.

ఆ రోజునుంచి ఏ కొత్త రాయి వచ్చినా ఆమెకే పిలుపు. “ఏం రంగు? ఇప్పుడేం రంగు? సరిగ్గా చూడు.” ఏం చెప్పినా చివరికి ఒకటే “ఊఁ”. అందులో ఔనూ ఉండేది కాదు, కాదూ ఉండేది కాదు. “ఏమే, ఇవాళ కూడా కోర్టు వాయిదానా?” అని బట్టీవీరుడు ఏడిపించేవాడు. ఒక కాలికి పచ్చ సాక్సు, ఒక కాలికి గోధుమరంగు సాక్సు వేసుకొచ్చే ఈ పరధ్యానపు మనిషికి తన మీద మాత్రం ఇంత పట్టుదల ఎందుకో ఆమెకు అర్థమయ్యేది కాదు. తప్పు చెప్తానన్న భయంతోనే చూసి చూసి, పచ్చలో ఎన్ని పచ్చలున్నాయో నేర్చుకుంది.

ఇప్పుడు ఆమే ఒక స్లైడు తీసి మైక్రోస్కోప్ కింద పెట్టింది. “ఈసారి మీరు చెప్పండి.”

మాస్టారు వంగి చూశారు. “చీలికలు ఒకదానికొకటి అడ్డంగా, ఇంచుమించు మూలమట్టంలా ఉన్నాయి. పైరాక్సీనే.” రెండో బిళ్ల తోశారు. “పక్క స్ఫటికంలో గీతలు నిటారుగా ఉండగా నల్లబడింది. హైపర్‌స్థీన్.”

“రంగు?”

“పేరు తేలాక రంగుతో పనేముంది? రంగు మాయ, కోణం నిజం.”

“ఆ ముక్క మాకు కంఠతా వచ్చు. రంగు చెప్పండి.”

“నువ్వే చెప్పు” అంటూ ఆయన బిళ్ల లాగేసి లేచారు.

ఆమె నిట్టూర్చి కన్ను ఆనించింది. “లేత గులాబి.”

“తిప్పు. ఇప్పుడేం రంగు?”

“నీలం కాస్త కలిసిన పచ్చ.”

“ఊఁ.”

“అదిగో, మళ్లీ ఊఁ!” ఆమె మైక్రోస్కోప్ మీంచి తలెత్తింది. “తప్పయితే తప్పని తిట్టండి, పడతాను. ఈ ‘ఊఁ’తో మాత్రం రేపు ఆ పిల్లల ముందు నిలబడలేను.”

మాస్టారు కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. చాలాసేపు తుడిచారు.

“నేను రాసిన వ్యాసాల్లో రంగు అన్నచోటల్లా ఉన్నది నీ మాటేనమ్మా. నువ్వు చెప్పింది చెప్పినట్టు రాశాను.”

“సరిచూసుకోకుండానే?”

“సరిచూసుకోకుండానే.”

“అదేంటి మాస్టారూ? నేనప్పుడు ఏమీ తెలియని పిల్లని. నన్నెలా నమ్మారు?”

“నాకా గులాబీ, పచ్చా రెండూ ఒక్కలాగే కనిపిస్తాయి తల్లీ.”