వెనక నిలబడిన మనిషి

ఫలక్‌నుమాలో ఇరుకు గల్లీ మొదట నీళ్ళ టాంకర్ ఆగింది. లోపలికి రివర్సులోనే పోవాలి, దారి చెప్పడానికి వెనక ఒక మనిషి నిలబడాలి. క్లీనర్ ఎల్లేష్ కిందికి దూకి, చేతులు కట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

“ఈయన బండి ఎనక నేను నిలవడ. గంతే.”

స్టీరింగ్ ముందు కూర్చున్న సీమోనుకు ఆ మాట కొత్త కాదు.

మూడేళ్ళ కిందట మొఘల్‌పురాలో అతను టాంకర్‌ను వెనక్కి తీస్తుంటే, నందు అనే పదో తరగతి పిల్లవాడు చక్రం కింద పడి అక్కడికక్కడే చనిపోయాడు. కోర్టులో సీమోను ఎవరి ముఖమూ చూడలేదు, అన్నీ నేలచూపులే. శిక్ష ముగిసింది. లైసెన్సు తిరిగొచ్చింది. పని మాత్రం రాలేదు. ఏ ఓనరు దగ్గరికి పోయినా, అతనికన్నా ముందే అతని కేసు అక్కడికి చేరిపోయేది.

భార్య ఆగమ్మ శాలిబండలో ఇళ్ళు పట్టుకుని అంట్లు తోముతోంది. ఇక కూతురు మున్నీని కూడా బడి మాన్పించి వెంట తీసుకుపోతానని నిన్న తనే అంది. అని, తనే ఏడ్చింది.

ఈ టాంకర్ ఓనరు జగదీశ్వర్ ఒక్కడే “ట్రయల్ చూస్త” అన్నాడు. ఎండలు ముదిరి డ్రైవర్లు దొరక్క అన్నాడు గాని జాలితో కాదు.

వెనకే స్కూటర్ మీద వచ్చిన జగదీశ్వర్ విసుగ్గా దిగాడు.

“ఏంది లొల్లి? సీమోన్, ఎనక మనిషి లేంది నా బండి కదలొద్దు. గల్లీల నీళ్ళు దిగితెనే నీకు నౌకరి. లేకుంటె చాబీ ఇచ్చి పో.”

ముందు నుయ్యి, వెనక గొయ్యి. సీమోను కిటికీలోంచి తల బయటపెట్టి బతిమాలాడు.

“అన్నా! అక్కా! ఎవరన్న ఒక్కరు ఎనక నిలవడుండ్రి. మీ కాల్మొక్త.”

గల్లీ నిండా ఖాళీ బిందెలున్నాయి. బిందెల పక్కన మనుషులున్నారు. ఒక్కరూ కదల్లేదు. క్లీనరే నిలబడనన్న బండి వెనక మనమెందుకు నిలబడాలని అందరికీ అనిపించింది. నీళ్ళు కావాలి గాని, ప్రాణం అంతకన్నా తీపి.

అప్పుడొచ్చింది ఒకామె. చేతిలో బిందె కూడా లేదు. కిటికీ దగ్గర ఆగి సీమోను ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది.

“ఏం జూస్తున్నవమ్మా? అవుతలికి జరుగు!”

అత్త మీది కోపం దుత్త మీద పడింది.

ఆమె నొచ్చుకోలేదు. “ఎనక నేను నిలవడ్త,” అని నడిచింది.

సీమోను రివర్స్ గేరు వేశాడు. క్లచ్ సరిగా వదల్లేకపోయాడు. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేశాడు. మళ్ళీ ఆగింది.

“ఐపాయె. ఇగ దిగు,” అన్నాడు జగదీశ్వర్.

ఆమె తిరిగి కిటికీ దగ్గరికొచ్చింది. “ఏమైంది?”

“నాతోని గాదమ్మా. నువ్వు ఇంట్లకు పో.” అతను స్టీరింగ్ మీంచి చేతులు తీసేశాడు. “నేను ఒక పిల్లగాని పానం దీసినోణ్ణి. గిట్లనే, ఎనకకు దీస్కుంట.”

ఆమె కిటికీ అంచు పట్టుకుంది.

“ఆ దినం నీ ఎనక ఎవరన్న నిలవడ్డరా?”

“లేరు. క్లీనర్ రాలే. నేనన్న దిగి జూడాలె. చూడలే.”

“ఇయ్యాల నేనున్న. నా గొంతు ఇన్కుంట రా. ఇంకేం సోంచాయించకు.”

బండి కదిలింది.

“రానీ... రానీ... జర ఎడమకు కొట్టు... రానీ...”

ఒక పక్క గోడ, ఇంకో పక్క అరుగులు. టాంకర్ డొక్క మీద ఆమె అరచెయ్యి టపటపమంటోంది. సీమోను ఆ చప్పుడునే పట్టుకుని వెనక్కి వస్తున్నాడు. సగం గల్లీలో గొంతు ఆగిపోయింది. సీమోను బ్రేకు మీద నిలబడ్డాడు.

“అమ్మా! ఏమైందమ్మా?”

అరచెయ్యి మళ్ళీ డొక్క మీద పడింది.

“ఏం గాలే. రానీ.”

ఆ గొంతు ఇక ఆగకుండా చివరిదాకా పలికింది.

“బస్!”

పైపులోంచి నీళ్ళు దూకాయి. బిందెలు, అరుపులు, తోపులాట. జగదీశ్వర్ స్కూటర్ ఎక్కుతూ, “రేపు పొద్దుగాల్నే వచ్చెయ్,” అన్నాడు.

సీమోనుకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ఆగమ్మకు ఫోన్ చేశాడు.

“మున్నీని బడి మాన్పియ్యకు. నాకు నౌకరి దొరికింది.”

ఆ తర్వాత ఆమె కోసం వెతికాడు. బిందెల దగ్గర లేదు. గల్లీ చివర ఇంట్లోకి పోయి తలుపు మూసుకుంటూ కనిపించింది. అంత సాయం చేసిన మనిషిని కసిరినందుకు అతనికి సిగ్గేసింది. ఎవరినో అడిగి బిందె తీసుకుని, నిండా నీళ్ళు పట్టి, భుజాన పెట్టుకుని వెళ్ళి తలుపు కొట్టాడు.

తలుపు తెరుచుకోలేదు.

పక్కింటి ముసలమ్మ బయటికొచ్చింది.

“ఆండాలు ఇప్పుడు తియ్యదు బిడ్డా. ఈ గల్లీకొచ్చిన కాడికెల్లి టాంకర్ చప్పుడైతె చాలు, తలుపేస్కుంటది. ఆమె నీళ్ళు నేనే పట్టి పెడ్త. ఇయ్యాల ఎట్ల బయటికొచ్చిందో ఆ దేవునికే ఎరుక.”

“ఎందుకవ్వా, టాంకర్ అంటె గంత భయమా?”

ముసలమ్మ అతని భుజం మీది బిందెను రెండు చేతులా అందుకుంటూ, “మొఘల్‌పురల టాంకర్ ఎనక చక్రం కింద పడి పిల్లగాడు పాయె గద, నందు, వాని తల్లి బిడ్డా ఈమె,” అంది.