ముట్టుకోవచ్చా బిడ్డా?

“రిపోర్టు రేపంటే ఇయ్యాల్నే అచ్చినవ్. రేపటిదాంక ఏం కొంప మునుగుతది పెద్దయ్యా?” నిజామాబాద్ ల్యాబులో టెక్నీషియన్ రాజేందర్ విసుక్కున్నాడు.

“పొద్దుగూకకముందే బోధన్ చేరాలె బిడ్డా. గా సంగతి తెలిస్తెనే పని అయితది.”

దశరథం గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. మంచినీళ్లిస్తే గ్లాసు ముట్టలేదు.

డాక్టర్ జ్యోతిరాణి మైక్రోస్కోప్ మీంచి తల ఎత్తలేదు. దశరథం భార్య తిరుపతమ్మ మోచేతి నుంచి తీసిన చర్మం ముక్క అది. ఒంటినిండా పొలుసులు రాలే మచ్చలని చీటీలో రాశారు. గల్లీలో కుష్టు అన్నారట. ఆమె చుట్టిన బీడీలు తీసుకోవడం మానేశారట. కొడుకు భూమేష్ కూడా ఆమె పళ్లెం వేరు పెట్టాడట.

జ్యోతిరాణిని చదివించిందీ తల్లి చుట్టిన బీడీలే. ఆమె మళ్లీ చూసింది. పైచర్మం మందమై, వేళ్లలా కిందికి దిగింది. పొలుసుల నడుమ వాపు కణాలున్నాయి. నరాలు బాగున్నాయి. కుష్టు క్రిమి కోసం వేరే రంగు వేసిన స్లైడులో ఒక్క ఎర్ర కడ్డీ కూడా లేదు.

“ఇది సోరియాసిస్ పెద్దయ్యా. కుష్టు కాదు. ఎవరికీ అంటుకోదు.”

“ముట్టుకోవచ్చా బిడ్డా?”

“ముట్టుకోవచ్చు.”

“తానం పోసినా ఏం కాదా? ఆడోళ్లు ఒక్కలు గూడ దగ్గరికి అస్తలేరు.”

“ఏం కాదు. ఇప్పుడు ఎక్కడున్నది?”

“వాకిట్ల పండవెట్టినం.”

జ్యోతిరాణికి కోపమొచ్చింది. “మనిషిని వాకిట్లనా? ఇంట్లకు తీస్కపోండ్రి ముందు. పక్కన కూసోని ఇంత బువ్వ పెట్టుండ్రి. మందులు వాడితే మచ్చలు తగ్గుతయి.”

దశరథం కళ్లు తుడుచుకున్నాడు. చెరుకు నరికి కాయలు కాసిన చేతులు జోడించాడు.

“నా మాట ఎవ్వలు నమ్మరు. జెర నువ్వే ఫోన్ల చెప్పు బిడ్డా. గట్టిగ చెప్పు, గల్లీలోళ్లందరు ఇనాలె.”

అతను కొడుక్కి కలిపిచ్చిన ఫోన్ ఆమె తీసుకుంది. “భూమేష్, నేను డాక్టర్ని. మీ అవ్వది అంటురోగం కాదు. ఎవరైనా ముట్టుకోవచ్చు.”

అటునుంచి కాసేపు ఏడుపు వినిపించింది, ఆ వెంటనే ఎవరినో పిలుస్తూ భూమేష్ గొంతు: “అంటుకోదట కాకా, డాక్టరమ్మనే చెప్పింది, ఇగనన్న రాండ్రి, మా అవ్వకు పాడె కట్టుదాం!”