జిగురు ఆరకముందే

నానమ్మ దాచుకున్న పాత కథల పుస్తకానికి కొత్త అట్ట అతికించి, పైన ఇనుప దిమ్మె పెట్టాడు తాతయ్య. "జిగురు ఆరేదాకా తెరవకే, తల్లీ" అని చెప్పి, చెవి మీద పెన్సిలుతోనే టీకి వెళ్లాడు.

బైండింగు కొట్లో మనవరాలు ఒక్కతే. ఇంకేముంది, దిమ్మె దించి పుస్తకం తెరిచేసింది.

ముందు ఏనుగు దభీమని జారిపడింది. వెనకాలే ఏడుగురు దొంగలు, ఒక రాణి, రాణిగారి పిల్లి.

ఏనుగు అట్టముక్కలు కరకరా నమిలేస్తోంది. దొంగలు దారపు ఉండలతో బల్ల కింద దూరారు. రాణి కత్తెర ఝళిపించి, "ఎవరే నువ్వు?" అంది.

"జిగురు ఆరిందంటే మీ ఇంటికి తాళం పడ్డట్టే! పదండి, పదండి!"

అంటూ మనవరాలు చీపురుతో ఏనుగును తోసింది. దొంగల్ని చెవులు పట్టి లాక్కొచ్చింది. పిల్లిని రాణి ఒళ్లో పడేసి, ఇద్దర్నీ కలిపి పేజీలోకి నెట్టింది. నవ్వీ నవ్వీ కడుపు నొప్పెట్టింది.

కానీ చివరి పేజీలో ఒక ఖాళీ మిగిలిపోయింది. బక్కపలచని మనిషి ఆకారం. కొట్టంతా గాలించింది. ఎవరూ లేరు. ఈలోగా జిగురు ఆరిపోయింది, తాతయ్య వచ్చేశాడు.

"తాతయ్యా, ఒకడు తప్పించుకున్నాడు!" అని బావురుమంది.

"వాడి కోసం వెతక్కమ్మా. పెళ్లీడులో మీ నానమ్మా నీలాగే తొందరపడింది."

పిల్ల ఆ ఖాళీని మళ్లీ చూసింది. వంకర ముక్కు, చెవి మీద పెన్సిలు.

టప్పున పుస్తకం మూసి, దానిమీదెక్కి కూర్చుంది.

"నువ్వు మాత్రం దీని దగ్గరికి రాకు, తాతయ్యా!"