ఎండిన గుంట

గొర్రెల దొడ్డిలోకి గాలికుంటు జబ్బు వచ్చింది. వేపనీళ్ళలో గిట్టలు కడుక్కోండని కాపలా కుక్క గొంతు పోయేలా మొరిగింది. ఒక్క గొర్రె కూడా వినలేదు.

"చెబితే వినే రకమా వీళ్ళు?" అంది ముసలి మేక. "దొడ్డి గుమ్మంలో గుంట తవ్వి వేపనీళ్ళు పొయ్యి. వస్తూ పోతూ గిట్టలు వాటంతటవే తడుస్తాయి. ఎందుకో చెప్పి విసిగించకు."

కుక్క అలాగే చేసింది. జబ్బు తగ్గింది. మంద అంతా మేకను మెచ్చుకుంది. ఇక బాధ లేదని కుక్క కాళ్ళు చాపుకుని పడుకుంది.

ఎండలు ముదిరి గుంటలో నీళ్ళు ఇంకిపోయాయి. గొర్రెలు పొడిగుంటలోంచే బుద్ధిగా నడిచాయి. జబ్బు మళ్ళీ వచ్చింది.

చచ్చిన పిల్లను నాకుతూ తల్లిగొర్రె అడిగింది: "రోజూ గుంటలోంచే నడిపించాను కదన్నా. ఇంకేం చెయ్యాల్సింది?"

"అందులో నీళ్ళుండాలమ్మా," అంది కుక్క.

"ఆ మాట మాకెవరు చెప్పారు?"

కుక్క మేక వైపు చూసింది. మేక నెమరు వేస్తోంది.