తోలు జిగురు పూసినవాడు

“ఏ గాడిద అతికించిందే దీన్ని?” యసాకు వెదురు బద్దను బల్ల మీదికి విసిరేశాడు.

పొయ్యి దగ్గర సముద్రపు నాచు ఉడికించిన జిగురు వడకడుతున్న అతని భార్య తమాయె తల తిప్పలేదు. “పొద్దుటినుంచి ఇది నాలుగోసారి. నాకేం తెలుసండీ?”

బల్ల మీద, బాగుచేయమని గుడివాళ్లు ఇచ్చిన పట్టు మీది కన్నోన్ అమ్మవారి పటం బోర్లా ఉంది. ముందువైపు రంగు రాలకుండా నాచు జిగురుతో పల్చటి కాగితం అంటించి, వెనక పాత కాగితం ఊడదీస్తున్నాడు యసాకు. మామూలుగా తడిగుడ్డ వేస్తే ఉల్లిపొరలా వచ్చేయాలి. ఐదు రోజులైనా ఇది కదల్లేదు.

“నాచు కాదే ఇది. వడ్రంగులు బల్లలకు పూసే తోలు జిగురు! పట్టు మీద!”

“పోనీ, అలాగే వదిలేయండి.”

“వదిలేస్తే పటం చీలిపోతుంది. లాగితే అమ్మవారి మొహం దాంతోపాటే వచ్చేస్తుంది. గుడి పూజారికి ఏం చెప్పను, అమ్మవారు ఊరెళ్లిందనా?”

తమాయె నవ్వు ఆపుకుంది. “తిట్టింది చాలు. పోయినవాళ్లకు వినపడుతుంది.”

“వినపడనీ! అంటించడం ఎవడైనా అంటిస్తాడు. తర్వాతివాడు విప్పుకునేట్టు అంటించేవాడే పనివాడు. ఈ వెధవ పిల్లలకి కూడా ఇదే నేర్పి చచ్చుంటాడు.”

గోరువెచ్చని నీళ్లు, గుడ్డ, గోరంత, మళ్లీ గోరంత. మర్నాడు మధ్యాహ్నానికి ముఖం వెనక ముక్క కదిలింది. కాగితం వచ్చింది. ముఖం నిలిచింది.

ఊడిన కాగితం లోపలివైపు నల్లటి సిరా రాత ఉంది. లోపలి పొర మీద రెండు ముక్కలు రాసి మూసేయడం ఈ పనివాళ్ల అలవాటు. మళ్లీ విప్పేవాడు తప్ప ఎవరూ చదవరు.

“చదువు. పేరుంటే తిన్నగా సమాధి దగ్గరికే వెళ్లి తిడతాను.”

తమాయె వెలుతురులోకి పట్టుకుంది. “యుద్ధం నాలుగో చలికాలం. ఊళ్లో గింజ దొరకడం లేదు. తర్వాత విప్పే మేస్త్రిగారూ, తోలు జిగురు పూశాను. తిట్టుకోండి, తప్పులేదు.”

“తిట్టాన్లే. ఇంకా?”

ఆమె మిగతాది చదవకుండా కాగితం అతని చేతిలో పెట్టింది. ఆఖరి వరుస యసాకు తనే చదువుకున్నాడు.

‘కొట్టులో ఉన్న నాచంతా గంజిలా ఉడికించి మా యసాకుగాడికి తాగించాను.’