ముక్కుపురుగుల వైవిధ్యం

"మీ గ్రాంటు ఆపేశాం మేడమ్. కొత్త పాలసీలో 'వైవిధ్యం' అనే మాట ఉన్న పరిశోధనలకి డబ్బులివ్వకూడదు," అన్నాడు ఫోన్లో కేంద్ర నిధుల శాఖ అధికారి.

"నేను రాసింది ధాన్యం తినే ముక్కుపురుగుల గురించండీ!" అంది ప్రొఫెసర్.

"పురుగులకైనా రూలు రూలే. మాట మార్చి పంపండి."

ఎదురుగా రీసెర్చ్ స్టూడెంట్ బిక్కమొహం వేసుకుని కూర్చుంది. గ్రాంటు పోతే ఆ పిల్ల నాలుగేళ్ల చదువూ గంగలో కలిసినట్టే. ప్రొఫెసర్ పళ్ళు బిగబట్టి, నూటపన్నెండు చోట్ల 'వైవిధ్యం' తీసేసి 'తేడాలు' అని పెట్టి పంపింది.

పావుగంటలో ఫోన్ మోగింది. "మంజూరైంది మేడమ్! అద్భుతమైన పరిశోధన."

స్టూడెంట్ ఎగిరి గంతేసింది.

"అప్పుడే చదివేశారా?" ప్రొఫెసర్ సంబరంగా అడిగింది.

"చదవడమెందుకండీ? వెతికాం. ఆ మాట దొరకలేదు."

ఆవిడ ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడింది. ఇరవయ్యేళ్లుగా అక్కడెవరో చదువుతారని, రిపోర్టుల్లో కామాలు కూడా దిద్ది పంపేది.